వెనక్కి తిరిగే గంట

సొంత కారులో అడవి చూసి రావాలనుకునేవాళ్ళు ఎప్పుడూ మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ నెలలో వెళ్ళాలి, రాత్రికి ఎక్కడ ఉండాలి, పులి కనబడుతుందా. నాలుగో ప్రశ్న మాత్రం అడిగినవాళ్ళు తక్కువ. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి? మొదటి మూడింటికీ ఫోనులో వెతికితే ఏదో ఒక జవాబు దొరుకుతుంది. నాలుగోదానికి జవాబు మీరే తేల్చుకోవాలి, అదీ ఇంట్లో కూర్చుని. అడవిలోకి పోయాక తేల్చుకుందామంటే కుదరదు. అక్కడ మనసు ఎప్పుడూ ముందుకే ఓటేస్తుంది.

గేటు ఉన్న అడవిలో ఈ బాధ లేదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో ఎవరి కారు వాళ్ళు నడుపుకుంటూ సింహాల మధ్య తిరగొచ్చు. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టిదారిలో 40 దాటకూడదు. గేటు మూసే వేళ దాటాక లోపల దొరికితే జరిమానా. అంటే వెనక్కి తిరిగే గంటను పార్కువాళ్ళే నిర్ణయించి పెట్టారు. మన పక్కనున్న తాడోబాలో సఫారీ అంటే ముందే బుక్ చేసుకున్న జిప్సీ, వెంట గైడు, మంగళవారం సెలవు. అక్కడ కూడా గంట మన చేతిలో ఉండదు. చిక్కంతా మూడో రకం అడవితో. గేటు లేదు, గైడు లేడు, మధ్యలోంచి అందరూ తిరిగే రోడ్డు పోతుంది. ఆపేవాళ్ళు ఉండరు కాబట్టి ఆగాల్సిన చోటు ముందే రాసుకోవాలి. అలాంటి దారి ఒకటి తెలుగువాళ్ళ గుమ్మం ముందే ఉంది. అది సిరోంచ నుంచి ఆలాపల్లి దాకా దాదాపు వంద కిలోమీటర్లు. ఇంచుమించు సగం దారిలో తగిలే ఊరు జిమల్‌గట్ట.

సిరోంచ మహారాష్ట్రలో ఉన్నా బజారులో తెలుగే వినబడుతుంది. 1982లో చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. దాని దక్షిణపు కొస ఇది. ఒక పక్క ప్రాణహిత, ఒక పక్క గోదావరి, తూర్పున ఇంద్రావతి. ఉత్తరాన మిగిలిందంతా అడవే. హైదరాబాదు నుంచి వరంగల్, పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం చేరి, గోదావరి వంతెన దాటితే సిరోంచ. మంచిర్యాల వాళ్ళకు చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటే దారి ఉంది. మేడిగడ్డ బ్యారేజీ మీదుగా దగ్గర దారి ఉందని ఫోను చూపించినా నమ్ముకోవద్దు. 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగాయి. కాళేశ్వరం వంతెన ఉండగా ఆ జోలి మనకెందుకు?

మ్యాపు చూడగానే కళ్ళు ఇంద్రావతి అవతలికి పోతాయి. అక్కడ పచ్చగా పెద్ద మచ్చ, దాని మీద జాతీయ పార్కు అని పేరు. అది బీజాపూర్ జిల్లాలోని ఇంద్రావతి జాతీయ పార్కు. 1981లో ప్రకటించారు, ఆ తర్వాత పులుల రక్షిత ప్రాంతం కూడా అయింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవి బర్రె ఉండే చోటు. వంతెన కూడా ఉంది కాబట్టి ఒక రోజు అటు వేసుకుందామనిపిస్తుంది. వద్దు. అది కుటుంబంతో కారులో వెళ్ళి చూసొచ్చే పార్కు కాదు. ఏళ్ళ తరబడి మావోయిస్టులకూ బలగాలకూ మధ్య నలిగిన అడవి అది. 2025 అక్టోబరులో మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో తన అనుచరులతో లొంగిపోయాక ఈ ప్రాంతమంతా కొంత ఊపిరి పీల్చుకున్న మాట నిజమే. కానీ మట్టిదారుల్లో పాతిన మందుపాతరలు ఒక్క లొంగుబాటుతో మాయం కావు. నది ఇవతల కూడా ఇదే నియమం. తారు రోడ్డు దిగి పేరు తెలియని దారిలోకి కారు పోనివ్వొద్దు. ఇది సాహసం గురించిన పుస్తకమైతే ఇంకోలా రాసేవాణ్ణేమో. ఇది బతికి తిరిగొచ్చి ఆఫీసుకు పోవాల్సినవాళ్ళ కోసం రాసింది.

లెక్క

ఇప్పుడు గంట సంగతి. అందరూ లెక్క బయలుదేరే వేళ నుంచి మొదలుపెడతారు. ఆరింటికి లేస్తే ఏడింటికి బండెక్కుతాం, రెండున్నర గంటల్లో ఆలాపల్లి, మధ్యాహ్నమంతా ఖాళీ అంటారు. అడవి దారికి ఈ లెక్క పనికిరాదు. చీకటి నుంచి వెనక్కి రావాలి.

డిసెంబరు అనుకుందాం. సిరోంచ ప్రాంతంలో సాయంత్రం 5.40 అయ్యేసరికి పొద్దు గుంకుతుంది. జిమల్‌గట్ట నుంచి ఆలాపల్లికి ఇంకో యాభై కిలోమీటర్లు. ఈ దారి పేరుకు 353-సి జాతీయ రహదారి, కానీ గుంతలతో ఏళ్ళ తరబడి పేరు మోసింది. పనులు మొదలవుతాయి, ఆగుతాయి, వాన వస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మీరు వెళ్ళేనాటికి బాగుపడి ఉండొచ్చు. లెక్క మాత్రం పాత రోడ్డుకే వేసుకోండి. గంటకు 25 కిలోమీటర్లు అనుకుంటే రెండు గంటలు. మధ్యలో రేపనపల్లి దగ్గర పక్కకు తిరిగి కమలాపూర్ ఏనుగుల క్యాంపు చూసి రావడానికి ఇంకో రెండు గంటలు. పంక్చరో, అడ్డంగా దిగబడ్డ లారీయో, వాంతి చేసుకున్న పిల్లాడో, ఏదో ఒకదానికి ఒక గంట. మొత్తం ఐదు. 5.40 నుంచి ఐదు గంటలు తీసేస్తే 12.40. చీకటికి నలభై నిమిషాల ముందే ఊరు చేరాలనుకుంటే 12.00.

కాబట్టి ఇంట్లోనే ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోవాలి. జిమల్‌గట్ట చేరేసరికి పన్నెండు దాటితే కమలాపూర్ లేదు. రెండు దాటితే ఆలాపల్లి లేదు, చూసొచ్చిన దారినే వెనక్కి సిరోంచకు. రెండింటికి తిరిగినా, దారిలో ఒక పంక్చరు పడినా, ఐదింటికల్లా సిరోంచలో ఉంటారు. మే నెలలో పొద్దు ఇంకో గంట ఎక్కువుంటుంది కదా అని గీతను జరపకండి. ఆ గంటను ఎండ తినేస్తుంది.

ఫోను చెప్పే సమయాన్ని ఈ లెక్కలోకి రానివ్వొద్దు. ఫోనుకు దూరం తెలుసు, గుంత తెలియదు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తెలియవు. అంగడి రోజు ఊరు దాటడానికి ఎంతసేపు పడుతుందో తెలియదు.

చీకటి అంటే ఇంత పట్టింపు ఎందుకని అడగొచ్చు. పగలు కనబడే గుంత రాత్రి కనబడదు, అది ఒకటి. లైటు పడగానే జింక దారి మధ్యలో నిలబడిపోతుంది, అది రెండోది. మూడోది, కారు ఆగిపోతే దిగక తప్పదు, రాత్రి అడవిలో దిగడమే అసలు ప్రమాదం. పొద్దున మరీ తొందర కూడా అక్కర్లేదు. చలికాలం నదుల వారన మంచు దట్టంగా దిగుతుంది, ఏడున్నర దాకా ముందున్న బండి కనబడదు. మొదటి రోజు హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు సిరోంచలోనే ఆగిపోవాలి. మూడింటికే చేరాం కదా, జిమల్‌గట్ట దాకా వెళ్ళి చూసొద్దాం అనే ఆలోచన ఆ రోజు చేసే అలసిపోయిన ఆలోచనల్లో మొదటిది.

జిమల్‌గట్టలో అడగాల్సింది

గీతను జిమల్‌గట్ట దగ్గరే ఎందుకు గీయాలంటే అది సగం దారి కాబట్టి మాత్రమే కాదు. అక్కడ మనుషులున్నారు. పోలీసు సబ్ డివిజన్ ఆఫీసు ఉంది, అటవీ శాఖ రేంజ్ ఉంది. అన్నింటికన్నా ముఖ్యంగా, మన మాటలో అడిగితే మన మాటలో జవాబు చెప్పేవాళ్ళు దొరుకుతారు. లోపలి పల్లెల్లో మాడియా గోండి, ఆఫీసుల్లో మరాఠీ. రోడ్డు వార తెలుగుతో పని జరిగిపోతుంది.

అడగడంలో ఒక కిటుకు ఉంది. ‘రోడ్డు మంచిగున్నదా అన్నా?’ అని అడిగితే ‘మంచిగనే ఉన్నది’ అంటారు. అబద్ధం కాదు. ఆయన రోజూ మోటారు సైకిలు మీద పోయే మనిషి, ఆయన కళ్ళకు బాగానే ఉంటుంది. అందుకని అభిప్రాయం అడక్కుండా జరిగింది అడగాలి. ‘అన్నా, ఇయ్యాల ఆలాపల్లి కెల్లి ఎర్రబస్సు వచ్చిందా? ఎన్నింటికి వచ్చింది?’ అహేరి డిపో బస్సు వేళకు వచ్చిందంటే దారి తెరిచే ఉంది. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిందంటే మీ లెక్కలోనూ రెండు గంటలు కలపాలి. అసలు రాలేదంటే రెండింటిదాకా ఆగే పనిలేదు, అప్పుడే కారు తిప్పండి. వానాకాలం ఈ ఒక్క ప్రశ్న చాలు, మిగతా పథకమంతా చెత్తబుట్టలో వేయొచ్చు. నిజానికి జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ దారి పెట్టుకోకపోవడమే మేలు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగినప్పుడు సిరోంచ వైపు ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయాల్సి వచ్చింది.

రెండో ప్రశ్న అటవీ శాఖ వాళ్ళను అడగాల్సింది: ఈ మధ్య దారి మీద ఏ జంతువు తిరుగుతోంది? పాత పుస్తకాల జ్ఞానంతో పోకండి. ఈ ప్రాంతంలో అడవి ఏనుగులు లేవని నిన్న మొన్నటిదాకా అందరూ చెప్పేవాళ్ళు. 2021 అక్టోబరులో ఒడిశా నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఒక మంద గడ్చిరోలిలోకి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఒక మగ ఏనుగు ప్రాణహిత దాటి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అడుగుపెట్టింది. ఒక రోజు తిరిగేలోపే ఇద్దరు రైతులు చనిపోయారు. ఏనుగును ఎన్నడూ చూడని ఊళ్ళవి. ఏం చేయాలో తెలిసే అవకాశమే వాళ్ళకు లేదు. కారులో వెళ్ళే మనకు ఆ సాకు లేదు. ఏనుగు కనబడితే హారన్ కొట్టొద్దు, ఫొటో కోసం దగ్గరికి జరగొద్దు, నెమ్మదిగా వెనక్కి. ఎలుగుబంటైనా, అడవి దున్నైనా దూరంగా ఆగి, అది దాటి పోయేదాకా అద్దాలు దించకుండా కూర్చోవాలి. దిగడం అనేది ఏ పరిస్థితిలోనూ లేదు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామునే మనుషులు బుట్టలతో చెట్ల కింద ఉంటారు. అదే పువ్వు కోసం ఎలుగులు కూడా వస్తాయి. మేలో తునికాకు కోతకు పోయేవాళ్ళతో దారులు నిండుగా ఉంటాయి. ఆ నెలల్లో వేగం ఇంకా తగ్గించాలి. వాళ్ళు పనికి వచ్చినవాళ్ళు, మనం చూడ్డానికి వచ్చినవాళ్ళం.

అడవి బర్రెల కోసం కొలామార్క పేరు విన్నవాళ్ళుంటారు. కమలాపూర్ రేంజ్‌లోని ఆ అడవిని 2013లో ఈ జంతువు కోసమే సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇది అడవి దున్న కాదు, మన ఇంటి బర్రెకు పూర్వీకురాలు. మధ్య భారతంలో వేళ్ళ మీద లెక్కపెట్టే చోట్లే మిగిలింది. చూడాలని ఉంటే కొన్ని వారాల ముందే సిరోంచ అటవీ విభాగానికి రాసి అనుమతి అడగండి. ఇస్తే వాళ్ళ మనిషితో వెళ్ళండి. ఇవ్వకపోతే అలగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలోకి పోవడానికే అనుమతి పత్రం కావాలంటుంది. అనుమతి లేకుండా దొంగదారిన చూసిన బర్రె కన్నా చూడని బర్రె నయం.

కమలాపూర్ క్యాంపు ఇంత కష్టం కాదు. మహారాష్ట్రలో ప్రభుత్వం నడిపే ఒకే ఒక ఏనుగుల క్యాంపు అది. ఒకప్పుడు ఈ అడవుల్లో దుంగలు లాగిన ఏనుగుల సంప్రదాయం అక్కడిది. కాకపోతే ఏటా చలికాలంలో క్యాంపు ఏనుగులకు కొన్ని రోజులు సెలవు ఇస్తారు. కాళ్ళకు మందుల కాపడం పెడతారు, ఆ రోజుల్లో జనాన్ని రానివ్వరు. ఫోను చేసి కనుక్కోకుండా వెళ్తే గేటు చూసి రావాల్సి ఉంటుంది.

కారులో ఎవరి మాట

కాగితం మీద గంట రాసుకోవడం తేలిక. రెండు దాటాక కారు తిప్పడం కష్టం. అప్పుడు వెనక సీటు నుంచి ఒక గొంతు లేస్తుంది. ‘బావా, వచ్చినకాడికి వచ్చినం, ఇంకో యాభై కిలోమీటర్లే గద! పొద్దు గుంకనీకి మస్తు టైమున్నది.’ డ్రైవరు సీటులో ఉన్న బావకు కూడా లోపల అదే కోరిక. ఇద్దరూ ఒక్కటైతే కాగితం డాష్‌బోర్డు మీదే మిగిలిపోతుంది.

అందుకని తిప్పే అధికారం డ్రైవరు చేతిలో పెట్టొద్దు. నడిపేవాడికి తిరగడమంటే ఓడిపోయినట్టుంటుంది. జంతువుల మీద ఏ మోజూ లేని మనిషికి ఇవ్వాలి. అమ్మకో, అత్తమ్మకో ఇచ్చి చూడండి. టైము చూసి ‘ఇగ చాలు, తిప్పు బిడ్డా’ అన్నారంటే చర్చ లేదు. ఈ ఏర్పాటు ఇంటి దగ్గరే అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆఫీసుల్లో పెద్ద పెద్ద నిర్ణయాలకు కూడా ఇది పనికొస్తుందని నాకనిపిస్తుంది కానీ, మీ మేనేజరు కుర్చీలో మీ అత్తమ్మను కూర్చోబెట్టే పద్ధతి నాకు తెలియదు.

కారు బయట కూడా ఒకరు ఉండాలి. ఇంట్లో ఉండిపోయే తమ్ముడికో, స్నేహితుడికో దారి, బండి నంబరు, రాత్రి దిగే చోటు రాసిచ్చి, ‘ఆరింటికల్లా నా ఫోను రాకపోతే ఎనిమిదిదాకా ఆగు, తర్వాత 112కి చెయ్యి’ అని చెప్పాలి. ఆరుకీ ఎనిమిదికీ మధ్య తేడా సిగ్నల్ కోసం. ఈ దారిలో ఫోను పలికే చోట్లు తక్కువ. రెండు వేరు వేరు కంపెనీల సిమ్‌లు, ముందే దించుకున్న మ్యాపు, చిల్లర నోట్లు ఉంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి. సిగ్నల్ లేని చోట ఫోనుతో డబ్బు కట్టడం కుదరదు కదా. అంబులెన్సుకు 108, మహారాష్ట్ర అటవీ శాఖకు 1926. పాము కాటైతే మంత్రం, కట్టు, కోత ఏమీ వద్దు. సిరోంచ ఆసుపత్రి, అహేరి ఆసుపత్రి, ఏది దగ్గరైతే దానికి.

సామాను గురించి పెద్దగా చెప్పను. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ పనిచేస్తుందా అన్నది చూడటం కాదు, ఇంటి ముందు ఒకసారి చక్రం విప్పి బిగించండి. పెట్రోలు సిరోంచలో నిండా పోయించుకోండి, మధ్యలో బంకు ఉందనే లెక్క వద్దు. అద్దె కారైతే పక్క రాష్ట్రంలోకి తీసుకుపోవచ్చా అని కాగితం మీద చూసుకోండి. నోటి మాట చాలదు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఆధార్ చేతికందేలా ఉంచండి. తనిఖీలో అడిగినదానికి సూటిగా జవాబు చెప్పండి. డ్రోను ఇంట్లోనే. పోలీసు క్యాంపుల ఫొటోలు తీయొద్దు.

ఇక సీసాలు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. తెలంగాణలో కొని డిక్కీలో పెట్టుకుని వంతెన దాటితే అది నేరం. అడవిలో పార్టీ అనుకుని బయలుదేరే మగవాళ్ళ బృందాలకు ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ అధ్యాయం చదివి వినిపించండి.

దోమలు ఇంకో సంగతి. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉండే జిల్లా ఇది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, రాత్రి దోమతెర. పిల్లలున్నా, గర్భిణి ఉన్నా వెళ్ళేముందు డాక్టర్ని అడగండి. తిరిగొచ్చాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే డాక్టరుతో మొట్టమొదట చెప్పాల్సిన మాట ‘గడ్చిరోలి వెళ్ళొచ్చాను’ అని.

తిరిగితే ఏముంది

వెనక్కి తిరగలేకపోవడానికి అసలు కారణం మొండితనం కాదని నా అభిప్రాయం. తిరిగాక చేయడానికి ఏమీ లేకపోవడం. ముందు ఏనుగులున్నాయి, ఆలాపల్లి టేకు ఉంది. భామ్రాగఢ్ దారిలో ఆరు హెక్టార్లలో గొడ్డలి తగలకుండా కాపాడిన ఆ మహావృక్షాల వనాన్ని 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. వెనక ఏముంది, లాడ్జి గది, టీవీ. ఇలాంటి తూకంలో ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి వెనక్కి తిరిగే రోజును కూడా ముందుకు పోయే రోజంత శ్రద్ధగా తయారు చేసుకోవాలి.

సిరోంచలో దానికి సరుకు బాగానే ఉంది. పొద్దున్నే బస్సు రాలేదని తెలిసి తిరిగితే మధ్యాహ్నమంతా మీదే. సిరోంచ తాలూకాలోనే వడధం శిలాజాల పార్కు ఉంది. అక్కడి రాతిలో డైనోసార్ల ఆనవాళ్ళు, రాయైపోయిన మానులు. హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఇటువంటి నేలదే. ప్రాణహితకు అవతలి ఒడ్డున, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. సిరోంచ పక్కనున్న కోట అనే ఊరి పేరు మీదే ఆ రాతి పొరకు పేరు పెట్టారు. పిల్లలకు బయలుదేరే ముందు వారమే ఆ మ్యూజియం చూపించండి. అప్పుడు వడధం వెళ్ళడం వాళ్ళకు ఓదార్పు బహుమతిగా అనిపించదు. ఏనుగుల క్యాంపు తప్పిందని ఏడ్చేది కూడా ఎవరో పెద్దవాళ్ళే అవుతారు. రాళ్ళు మాత్రం జేబులో వేసుకోనివ్వకండి.

రెండు దాటి తిరిగినవాళ్ళకు కాళేశ్వరం ఉంది. వంతెన దాటితే గుడి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, పక్కనే ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. నది దాటి తెలంగాణలోకి వచ్చాం కాబట్టి ఫోను కూడా పలుకుతుంది. తమ్ముడికి ఆరులోపే చేసేయొచ్చు.

ఆఖరి పని డబ్బుది. సిరోంచలో గది రెండు రాత్రులకూ కలిపి ముందే మాట్లాడుకోండి. అంతా సవ్యంగా సాగి ఆలాపల్లి చేరిపోతే రెండో రాత్రి అద్దె వృథా. పోనివ్వండి. ఆ గది మీ కోసం ఖాళీగా ఉందని తెలిస్తేనే రెండు గంటల వేళ జిమల్‌గట్టలో అత్తమ్మ మాట చెల్లుతుంది.